నీళ్ళ బాటిల్ నిండేంత సేపు

మొన్న కొడకండ్లలో బస్సెక్కిన ఇద్దరు పిల్లలు వెనక సీట్లో కూర్చుని వాదులాడుకుంటున్నారు. పాలిటెక్నిక్ చదివే వయసు. ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను, రెండు తలలూ దాని మీదే. ఇంగ్లండులో ఫుట్‌బాల్ సీజన్ ముగిసి కొత్తది మొదలయ్యేలోపు, ఎండాకాలమంతా ఆటలుండవు, బేరాలే ఉంటాయి. ఏ టీము ఎవరిని కొంటుంది, ఎవరిని వదిలించుకుంటుంది అన్నదే అభిమానులకు ఆట.

"అరేయ్, ఈసారన్న మనోళ్ళకు తెలివొచ్చింది. లెఫ్ట్ బ్యాక్‌ను తీసుకున్నరు" అన్నాడు ఒకడు.

"లెఫ్ట్ బ్యాక్ వస్తే కప్పొస్తదా? గోల్ కొట్టెటోడు కావాలె మనకు."

టికెట్ మిషన్ చేతిలో పట్టుకుని నేను అట్లాగే నిలబడిపోయాను. వాళ్ళు చెప్తున్నది మా టీము గురించే. పేరు ఎందుకులే, చెప్తే నవ్వుతారు. ఎర్ర చొక్కాల వాళ్ళు. కప్పు చూసి చాలా కాలమైంది.

"ఎడమ దిక్కు వచ్చిన పిలగాడు ఏ ఊరోడు?" అని అడిగాను.

ఇద్దరూ తలెత్తి నన్ను చూశారు. ఖాకీ కోటు వేసుకున్న కండక్టరమ్మ ఆ ప్రశ్న అడుగుతుందని వాళ్ళు అనుకోలేదు.

"మీకు ఫుట్‌బాల్ ఎర్కనా అక్కా?"

ఎరుకే. అయితే ఎడమ బ్యాకు వచ్చాడని విని పొంగిపోవలసిన మనిషి నేను కాదు, మా అక్క. ఆమె ఉండే ఊరు, ఈ బస్సు ఉదయాన్నే దాటి వచ్చిన ఊరు.

గురుకులంలో ఆమె నాకంటే ఒక తరగతి పెద్ద. అందుకని అక్క. నేను గోల్‌కీపర్ని, ఆమె ఎడమ బ్యాకు, గోల్ ముందు ఎడమ పక్క కాపలా. గోల్‌కీపర్‌కు తన జట్టు వాళ్ళ ముఖాలు కనబడవు, వీపులే కనబడతాయి. అందుకేనేమో, అక్క అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది నూనె పెట్టి బిగించి అల్లిన జడ, చెమటకు అంటుకుపోయిన చొక్కా, ఎడమ కాలు మీద కొంచెం వంగి నిలబడే తీరు. ఎదుటి జట్టు బంతితో వస్తుంటే వెనక్కి చూడకుండానే అరిచేది: "పిల్లా, నేనున్న, నువ్వు కదలకు!" నేను కదిలేదాన్ని కాదు. పీఈటీ మేడమ్ మమ్మల్ని చూసి నవ్వేది, గోడకు ముందు ఇంకో గోడ అని. ఆ మేడమ్ అంటించిన పిచ్చే మాకు ఆ ఎర్ర చొక్కాల టీము.

అక్క పుట్టింది భూపాలపల్లిలో, బొగ్గు గని కార్మికుల క్వార్టర్లలో. వాళ్ళ నాయిన షిఫ్టు దిగి స్నానమైనా చేయకుండా గ్రౌండుకు పోయి బంతి ఆడేవాడట. అక్క ఆ గ్రౌండు గట్టు మీద కూర్చుని నేర్చుకుంది. మైదానంలో దుమ్ము నల్లగా ఉంటుందని, ఆట అయ్యాక అందరి కాళ్ళు ఒకే రంగులో ఉంటాయని చెప్పేది. డిగ్రీ రెండో ఏట పెళ్ళి కుదిరింది. పిల్లాడిది నర్సింహులపేట మండలంలో ఒక ఊరు. దూరపు బంధువులే, కాని భూములున్న ఇల్లు, రాజకీయం ఉన్న ఇల్లు. "మన పొల్ల అదృష్టం" అన్నారు అందరూ. అక్క ఏమందో నాకు తెలియదు. నన్ను పెళ్ళికి పిలిచినప్పుడు మాత్రం, "వేసవి సెలవులల్ల పెట్టిన్రే పెండ్లి, బేరాలు చూడనియ్యరా ఏంది" అని నవ్వింది.

నేను కండక్టరునై జనగామ డిపోలో చేరాక, కొన్నాళ్ళకు నాకు జనగామ నుంచి కొడకండ్ల, తొర్రూరు మీదుగా మానుకోట పోయే బస్సు ఇచ్చారు. డ్రైవరు యాకయ్య బాపు. మొదటి రోజే తొర్రూరు దాటాక, నర్సింహులపేట రాకముందే ఒక స్టేజీ దగ్గర బస్సాగింది. రోడ్డుకు అవతల పెద్ద ఇనుప గేటు. గేటు ముందు జండా దిమ్మె. అక్కడ బిందె పట్టుకుని నిలబడి ఉంది అక్క. నన్ను చూసి బిందె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. అంతకాలం తర్వాత చూసిన మనిషి క్షేమసమాచారం అడగలేదు.

"ఏమే, ఆ బక్కోన్ని అమ్ముతున్నరట కదా. నిజమేనా?"

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. బస్సు ఆగగానే యాకయ్య బాపు ఖాళీ బాటిల్ కిటికీలోంచి ఇచ్చేవాడు. అక్క దాన్ని గేటు పక్క కుండలోని చల్లని నీళ్ళతో నింపేది. సన్న మూతి బాటిల్, నిండడానికి జర సేపు పట్టేది. అంతసేపూ మాకు మాట్లాడుకునే వీలు. నేను ఫుట్‌బోర్డు మీద, ఆమె కింద. ఇంట్లోవాళ్ళు అభ్యంతరం పెట్టలేదు. పెట్టకపోవడమే కాదు, బావ ఆ విషయం నలుగురిలో గొప్పగా చెప్పేవాడు. "మా ఇంటి నీళ్ళు తాగంది బస్సు కదలదు" అనేవాడు.

అక్క ఆటగాళ్ళ పేర్లు పలికేది కాదు. అందరికీ తన పేర్లు పెట్టుకుంది. కోట్లు పోసి తెచ్చినా కదలకుండా నిలబడే ముందువరస ఆటగాడు ఆమెకు 'కొత్తల్లుడు'. "వానికి బంతి కాళ్ళకాడికి తెచ్చియ్యాలె. మర్యాద తక్కువైతే అలుగుతడు." పొడుగ్గా ఉండి తలతోనే ఆడేవాడు 'తాడి'. వేరే టీము నుంచి ఏడాదికి అడిగి తెచ్చుకున్నవాడిని 'కౌలుకు తెచ్చిన్రు' అనేది. "కౌలు భూమికి ఎవలన్న ఎరువేస్తరా? వాని మీద ఆశ పెట్టుకోకు." బస్సులో కూర్చున్న ఆడవాళ్ళు ఆమె ఎవరి అల్లుడి గురించి మాట్లాడుతోందో తెలియక నన్ను అడిగేవారు.

ఆమె పట్టు ఒక్కటే. ఎడమ బ్యాకు. ప్రతి ఎండాకాలం అదే మాట.

"అందరు గోల్ కొట్టెటోన్నే కొంటరు. గోల్ ఆపెటోన్ని ఎవ్వలు చూడరు. ఆ ఎడమ దిక్కు తలుపు తీసి పెట్టిన ఇల్లు లెక్కున్నది. ఎవడన్న రావచ్చు, ఎవడన్న పోవచ్చు."

"నువ్వు పోయి ఆడరాదు?" అనేవాడు యాకయ్య బాపు స్టీరింగ్ మీద చేయి ఆనించి. మా మాటలు వినీ వినీ ఆయనకూ టీము అంటింది.

"నన్ను వీళ్ళు అమ్మాలె కదా బాపు" అని గేటు వైపు తల తిప్పేది.

నవ్వుతూనే అనేది. అయినా ఆమె అనే తీరులో ఏదో ఉండేది, బాపు వెంటనే బండి గేరు మార్చేవాడు.

ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే అక్క కూడా చెప్పేది. బావ చేయి ఎత్తిన మనిషి కాదు. ముందుగదిలో అద్దాల అలమర కొని, అక్క గురుకులంలో గెలిచిన మెడల్స్ అన్నీ అందులో పెట్టించాడు. వచ్చిన ప్రతి నాయకుడికీ చూపించేవాడు, "మా ఇంటామె స్టేట్ ప్లేయర్" అని. వాళ్ళు మెడల్స్ చూస్తుండగా అక్క వంటింట్లోంచి చాయ్ పళ్ళెం తెచ్చేది. "మ్యూజియంల బొమ్మ నడుచుకుంట వచ్చి చాయిచ్చినట్లుంటదే" అంది ఒకసారి.

అసలు సంగతి అత్తమ్మ. ఆమెకు పక్షవాతం వచ్చి కుడి పక్క, మాట, రెండూ పోయాయి. కొడుకు తినిపిస్తే తినదు, పనిమనిషిని దగ్గరికి రానివ్వదు. అక్క చేతి ముద్దే కావాలి. మిగిలిన ఎడమ చేత్తో అక్క కొంగు పట్టుకునేది. నిద్రలో కూడా వదిలేది కాదట. ఆ మంచం పక్కన కూర్చునే అక్క ఫోనులో బేరాల వార్తలు చదివేది, పైకి చదివేది, అత్తమ్మకు వినిపిస్తూ.

"నిన్న మా అత్తమ్మకు చెప్పిన, తాడిని అమ్మేసిన్రని. కండ్లెర్రజేసింది. ఆమెకు తాడి అంటే ఇష్టం."

"నిజంగనా?"

"ఏమో. ఈగ వాలిందో ఏమో. నేనైతే గట్లనే అనుకున్న."

ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పుడు నేను ఆమెకు ఆ మాట సంబరంగా చెప్పాను. ఆధార్ చూపిస్తే చాలు, సున్నా టికెట్, తెలంగాణలో ఎక్కడికైనా పోవచ్చు. భూపాలపల్లి పోయి తల్లిని చూసి రావచ్చు. అక్క బాటిల్ మూత బిగించుకుంటూ విన్నది.

"కార్డు బీరువల ఉన్నది. బీరువ తాళంచెవి ఆయన మొలతాడుకున్నది. అడుగుతే ఇస్తడు, ఇయ్యడని కాదు. 'కారుండంగ బస్సెందుకు' అంటడు. సరే కార్ల పోదామంటె 'ఎలక్షన్లైనంక పోదాం' అంటడు. ఎలక్షన్లు అయితనే ఉంటయి, మళ్ల వస్తనే ఉంటయి."

అట్లాంటి మనిషి జూన్ రాగానే మారిపోయేది. కళ్ళల్లో ఏదో వెలుగు. "ఈసారి మంచిగుంటది చూడు. కొత్త కోచ్ ఎనుక దిక్కు చూస్తడట." ఆగస్టు చివర బేరాలు ముగిసేసరికి ఎవరూ వచ్చేవారు కాదు, వచ్చినా ఇంకో కొత్తల్లుడే. "దుకాణం బందైందే" అనేది. మళ్ళీ ఆమే నన్ను ఓదార్చేది: "ఎండకాలమంత మనమే గెలుస్తం పిల్లా. ఆట మొదలైతేనే ఓడుతం."

నిరుడు మానుకోటలో ఒక ప్రైవేటు బడివాళ్ళు ఆడపిల్లలకు ఫుట్‌బాల్ జట్టు కట్టాలనుకున్నారు. వాళ్ళ టీచరు ఒకామె రోజూ నా బస్సులోనే వచ్చేది. ఆడి ఉన్న ఆడమనిషి ఎవరైనా దొరుకుతుందా అని అడిగింది. నేను మరుసటి ట్రిప్పులోనే అక్కకు చెప్పాను.

ఆమె చేతిలో బాటిల్ నిండిపోయి నీళ్ళు పాదాల మీద పడుతున్నాయి. చూసుకోలేదు.

"ఆడపిల్లలా?"

"ఆడపిల్లలే. ఎడమ దిక్కు ఆడెటోళ్ళు ఒక్కలు లేరట."

పకపకా నవ్వింది. ఆ నవ్వు గురుకులం నాటిది. తర్వాత గేటు వైపు చూసి, "అత్తమ్మ ఉన్నంత కాలం ఎట్లనే" అంది. ఆ మాటలో విసుగు లేదు.

ఆ ఏటి వానల్లో అత్తమ్మ పోయింది. దినాలు అయ్యేదాకా స్టేజీ దగ్గరికి అక్క రాలేదు. వచ్చిన రోజు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిజంగానే ఏడ్చింది ఆమె కోసం. "వార్తలు ఎవలకు చదవాలె ఇగ" అంది. కొన్నాళ్ళకు తానే బావను అడిగింది, బడి గురించి. బావ కాదనలేదు. అత్త పోయాక ఇల్లు ఖాళీగా ఉందని, పోయి రమ్మని అన్నాడు. దసరా సెలవులు అయ్యాక చేరాలి. ఆ నెలంతా అక్క మాటల్లో టీము లేదు. పిల్లలకు ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి, షూస్ లేకుండా ఆడించవచ్చా, గ్రౌండులో రాళ్ళున్నాయా. యాకయ్య బాపు మానుకోటలో బస్సాపి మరీ ఆ బడి గ్రౌండు చూసొచ్చాడు. "రాళ్ళు లేవు బిడ్డా, మొరమే. కాళ్ళు గీరుకుపోతయి గని ఆడొచ్చు" అని చెప్పాడు.

దసరా ముందు సర్పంచు సీట్ల రిజర్వేషన్ ప్రకటించారు. వాళ్ళ ఊరిది మహిళకు వచ్చింది.

ఆ రోజు బాటిల్ తీసుకోవడానికి అక్క చాలా నెమ్మదిగా వచ్చింది.

"పిల్లా, నన్ను తీసుకున్నరు."

"ఎవలు? బడోళ్ళా?"

"మా ఇంటోళ్ళు. అయిదేండ్ల కాంట్రాక్టు."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. గేటు లోపల అప్పటికే షామియానా కర్రలు దింపుతున్నారు.

"నువ్వేమన్నవ్?"

"ఏమనాలె? ఆటగాన్ని అడిగి అమ్ముతరా ఎవలన్న?" చేతిలో బాటిల్ మూత విప్పింది. "అడుగుతరు లే. వాళ్ళను అడుగుతరు. సంతకం పెట్టనంటే బేరమే కాదు. నన్నెవ్వలు అడగలె."

నేను బడి మాట ఎత్తాను. "ఆయన చెప్పిండు, గెలిచినంక బడిని ఊర్లనే పెట్టిద్దాం, గ్రౌండు కూడ చేయిద్దాం అని" అంది. అని, తన మాట తానే విన్నట్టు చూసి, బాటిల్ నింపడానికి పోయింది.

ఎలక్షన్ల ముందు నెల రోజులు దారి పొడుగునా ఆమె ముఖమే. కరెంటు స్తంభాలకు, బస్సు స్టేజీకి, పాన్ డబ్బాలకు. ఫ్లెక్సీలో చేతులు జోడించి నవ్వుతోంది. ఆమె కంటే పెద్దగా, ఆమె వెనక, బావ. ఊరి ముందు మలుపు దగ్గర ఆ ఫ్లెక్సీ వచ్చినప్పుడల్లా యాకయ్య బాపు, "పిల్ల ఎంత బక్కచిక్కింది" అనేవాడు, అది ఫోటో అన్నది మరచిపోయి.

గెలిచింది. ఊరివాళ్ళంతా మంచి మాటే చెప్పారు, నీళ్ళిచ్చిన చేయి అని. గెలిచిన మర్నాటి నుంచి స్టేజీ దగ్గరికి పనిమనిషి వచ్చేది బాటిల్ కోసం. "సర్పంచమ్మ బస్సుకాడ నిలబడొద్దని సారు అన్నడు. బాగుండదట" అని చెప్పింది. యాకయ్య బాపు రెండు రోజులు చూసి, మూడో రోజు బాటిల్ ఇవ్వలేదు. "ఇంటి నుంచి తెచ్చుకున్న" అన్నాడు. తెచ్చుకోలేదు. తొర్రూరు దాకా నోరెండిపోయే వచ్చాడు.

నేను ఫోను చేశాను. బావ ఎత్తాడు.

"సర్పంచిని మాట్లాడుతున్న, చెప్పున్రి."

నేను ఎవరినో చెప్పాను. నవ్వాడు, ఎప్పటిలాగే ఆప్యాయంగా. "ఏమ్మా కండక్టరమ్మా, బాగున్నవా? అక్క మీటింగుల ఉన్నది. జర బిజీ." ఫోనులో ఆయన వెనక నుంచి కుక్కర్ విజిల్ వినిపించింది. ఆ తర్వాత గ్లాసులు కడిగి బోర్లించే చప్పుడు.

కొత్తగా గెలిచిన సర్పంచులకు మానుకోటలో శిక్షణ పెట్టారు. భర్తలు లోపలికి రాకూడదని అక్కడి ఆఫీసరమ్మ గట్టిగా చెప్పిందట. ఆ మధ్యాహ్నం మా బస్సు స్టాండులో నిండుతుండగా, అక్క ఎక్కింది. ఇస్త్రీ పోని ఖద్దరు చీర, మెడలో శిక్షణ కార్డు, చేతిలో శిక్షణలో చూపించడానికి తెచ్చిన ఆధార్. ఒక్కతే. నేను నమ్మలేక చూస్తుంటే కార్డు చాపింది.

"వెనక గేటు నుంచి వచ్చిన. ఆయన ముందు గేటుకాడున్నడు. టికెట్ కొట్టు."

"మీ ఊరికేనా?"

"బస్సు ఎంత దాకా పోతదే?"

"జనగామ."

"జనగామకే కొట్టు."

సున్నా టికెట్ చీల్చి ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. యాకయ్య బాపు అద్దంలోంచి చూస్తున్నాడు. టైము కాకముందే బండి తీశాడు.

నేను టికెట్లన్నీ కొట్టి ఆమె పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో మాకు ఇంత సేపు దొరకడం ఇదే. సీజన్ మధ్యలో జనవరిలోనూ కొన్నాళ్ళు బేరాలుంటాయి, ఆ వార్తలు నా దగ్గర బోలెడు ఉన్నాయి. కొత్తల్లుణ్ణి ఎట్టకేలకు పంపించేశారని చెప్పాను. "అట్లనా" అంది. కిటికీ బయట మిరప తోటలు ఎర్రగా పోతున్నాయి. మళ్ళీ ఏదో చెప్పాను. తల ఊపింది.

"బాటిల్ నిండేంత సేపట్ల మస్తు మాట్లాడేటిదాన్ని కదనే" అంది కాసేపటికి. "ఇప్పుడు ఒక్క మాట వస్తలేదు."

"నువ్వు టీమును చూస్తలేవా?"

"లేదు. అది చూస్తే ఈసారి మంచిగుంటదని అనిపిస్తది. అట్లనిపిస్తే నాకు నిద్రపట్టది." చీర కొంగు సర్దుకుంది. "అత్తమ్మ పోయినంక ఈ కొంగు తేలికైతదనుకున్న. ఆమె ఒక్కతే పట్టుకున్నది అప్పుడు. ఇప్పుడు ఊరంత పట్టుకున్నదే. పింఛనంటరు, బోరంటరు. పాపం వాళ్ళకు నిజంగనే కావాలె. నేను సంతకం పెట్టేది మాత్రం ఆయన చూపించిన కాడనే."

"జనగామకు వస్తున్నవ్ కదా. మా ఇంట్ల ఉండు. ఆ బడోళ్ళు ఇంక ఎవల్ని పెట్టుకోలె, నేను అడిగిన."

"నిజంగనా?"

"ఒట్టు."

ఆ మాటకు ఆమె ముఖం తిరిగింది నా వైపు. ఏదో అనబోయింది. అంతలో ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. తీయలేదు. నర్సింహులపేటలో బస్సాగినప్పుడు తెల్ల కారు ఒకటి మమ్మల్ని దాటి ముందుకు పోయింది. హారన్ కొట్టలేదు, అడ్డం పెట్టలేదు. దాటి పోయింది అంతే.

ఊరి మలుపు వచ్చింది. దూరం నుంచే కనబడింది, స్టేజీ పక్కన కారు, కారు పక్కన బావ. కోపంగా లేడు. ఎండకు చేయి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ, బస్సు కోసం ఎదురుచూసే మామూలు మనిషిలాగా నిలబడి ఉన్నాడు.

స్టేజీలో దిగేవాళ్ళు ఎవరూ లేవలేదు. చేయి ఎత్తినవాళ్ళు కూడా లేరు. యాకయ్య బాపు వేగం తగ్గించాడు, కాని బ్రేకు వేయలేదు. ముందుకే చూస్తూ, బస్సంతా వినేట్టు అడిగాడు.

"ఆపాల్నా, బిడ్డా?"

అక్క రెండు చేతులతో ముందు సీటు కడ్డీ పట్టుకుని ఉంది. నేను ఆమె వైపు చూడకుండా కూర్చున్నాను. చూస్తే నా ముఖంలో ఉన్నది ఆమెను ఒక వైపు తోస్తుందని భయం.

బస్సు కారును దాటబోతోంది.

"ఆపు బాపు" అంది.

లేచింది. దిగేటప్పుడు నా భుజం మీద చేయి వేసింది, ఊతకో, మరి దేనికో. కింద బావ ఆమె చేతిలోని సంచీ అందుకుని, నా వైపు చూసి తలపంకించి, కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. వాళ్ళ ఇల్లు రోడ్డుకు అవతలే. ఆమె ఒక్కసారి ఆ గేటును, ఆ తెరిచిన తలుపును చూసి కారులో కూర్చుంది. తలుపు మూసుకుంది. కారు రోడ్డు దాటి ఇనుప గేటులోకి పోయింది.

బస్సు కదలాలంటే నేను 'రైట్' అనాలి. బాపు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. నేను అక్క లేచిపోయిన సీటునే చూస్తున్నాను. ఎండ, ఉక్క, లోపల జనం. వెనక నుంచి ఎవరో విసుగ్గా అరిచారు, "రైట్, రైట్."